అటక మీది స్టీరియో

“ఇంట అటక మీద పాత స్టీరియో ఒకటి కలదు. దానిని ఉంచుకొనవలెనా, అమ్మవలెనా? అమ్మినచో ఏ ధరకు?” అను ప్రశ్న శ్రోతల లేఖలలో మాకు ఈ మధ్య తరచుగా కనబడుచున్నది. ప్రశ్న చిన్నదే గాని ఒక్క వాక్యములో సమాధానము చెప్పుటకు వీలులేదు. వీధిలోనికి వచ్చు పాత సామానుల వర్తకుడు దానిని త్రాసులో పెట్టి, ఇనుము ఇంత, రాగి ఇంత, చెక్కకు విలువ లేదు అని లెక్క తేల్చును. అదే వస్తువు చెన్నైలోనో ముంబయిలోనో ఒక సేకరణకర్త కంటబడినచో, ఆయన నెల జీతమంత చేతిలో పెట్టి, దుప్పటి చుట్టి, బిడ్డను ఎత్తుకొన్నట్లు ఎత్తుకొని పోవును. ఇరువురిలో ఎవ్వరును అబద్ధమాడుట లేదు. ఏ యంత్రము మొదటివాని త్రాసుకు తగినది, ఏది రెండవవాని దుప్పటికి తగినది అను విచక్షణ గృహస్థునకు ఉండవలెను. అందుకు ఆ యంత్రములు ఎట్లు పుట్టినవో, ఎట్లు పనిచేయునో, వానిలో ఏది చెడునో, ఏది చెడదో కొంత తెలిసి యుండుట మేలు.

ముందుగా స్టీరియో అనగానేమో చూతము. మనకు రెండు చెవులున్నవి. కుడివైపు నుండి వచ్చు ధ్వని కుడిచెవికి లేశమాత్రము ముందుగను, కొంచెము గట్టిగను చేరును. ఆ స్వల్పభేదమును బట్టియే మనస్సు దిక్కును నిర్ణయించుకొనును. ఒక్క స్పీకరు గల పెట్టెలో పాటగాడు, వాయులీనము, మృదంగము అందరును ఒకే కిటికీలో నుండి తొంగి చూచినట్లుండును. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థలో ఇంజనీరుగా ఉన్న ఆలన్ బ్లూమ్‌లైన్ ఈ లోపమును తీర్చుటకు మార్గము కనిపెట్టి 1931 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేసెను. సినిమాలో నటుడు తెరకు ఒక ప్రక్కన ఉండగా అతని గొంతు మరొక ప్రక్కనుండి వచ్చుట చూచి ఆయనకు ఈ ఆలోచన కలిగినదని చెప్పుదురు. రికార్డు గాడికి రెండు గోడలు కలవు గదా. ఒక్కొక్క గోడను 45 డిగ్రీల వాలులో నిలిపి, ఒక గోడ మీద ఎడమ ధ్వనిని, రెండవ గోడ మీద కుడి ధ్వనిని చెక్కిన యెడల ఒక్క ముల్లు రెండింటిని చదువగలదని ఆయన చూపెను. 1934లో లండనులోని ఆబీ రోడ్డు స్టూడియోలో సర్ టామస్ బీచమ్ నిర్వహణలోని వాద్యబృందమును ఈ పద్ధతిలో రికార్డు చేసిరి. కాని వ్యాపారము ముందుకు రాలేదు. 1942లో రాడారు పరీక్షల కొరకు వెళ్ళిన విమానము కూలి బ్లూమ్‌లైన్ మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరములు. ఆయన చెప్పిన 45 డిగ్రీల గాడితో స్టీరియో రికార్డులు అంగళ్ళకు వచ్చినది 1958లో.

రేడియోకు స్టీరియో వచ్చినది ఇంకను మూడేండ్లకు. 1961లో అమెరికా ప్రభుత్వము ఎఫ్.ఎం. స్టీరియో పద్ధతిని ఆమోదించెను. మా వృత్తిలోని వారము గనుక దీనిని గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పుటకు శ్రోతలు అనుమతింపవలెను. కుడి ఎడమలను కలిపిన మొత్తమును యథాస్థానములో పంపుదురు. పాత రేడియో దానినే పట్టుకొని నిశ్చింతగా పాడుకొనును. కుడి ఎడమల భేదమును మాత్రము వేరుగా, సెకనుకు 38,000 ఆవృత్తుల వాహకము మీద ఎక్కించి పంపుదురు. దానికి గుర్తుగా 19,000 ఆవృత్తుల సన్నని నాదమొకటి వెంట నడచును. అది పెద్దలలో అధికసంఖ్యాకుల చెవికి అందదు. స్టీరియో ట్యూనరు మాత్రము దానిని గుర్తించి, ముఖము మీద ఎర్రదీపము వెలిగించి, మొత్తమును భేదమును కలిపి తీసి రెండు ధ్వనులను విడదీయును. పాతవాని సెట్టు చెడకుండ క్రొత్తవానికి క్రొత్త సౌకర్యము కల్పించుట ఈ పద్ధతిలోని పెద్దమనిషి తనము. మన దేశములో ఆకాశవాణి ఎఫ్.ఎం. ప్రసారములు 1977లో మదరాసులో ఆరంభమైనవి.

కనుక మన తెలుగు ఇండ్లలోనికి స్టీరియో మొదట రేడియో ద్వారా రాలేదు, రికార్డుల ద్వారా వచ్చినది. 1963లో వెలువడిన సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతము, ఘంటసాల గారు తమ తుది దినములలో గానము చేసిన భగవద్గీత, సినిమా పాటలు, నాటకములు మొదలగువాని కొరకు రికార్డు ప్లేయరు కొన్న కుటుంబములు అనేకము. దిగుమతులపై కట్టుబాట్లు బలముగా ఉన్న దినములలో కలకత్తా, బొంబాయి మొదలగు నగరములలో తయారైన దేశీయ యంత్రములే అందుబాటులో ఉండెడివి. ఆ పైన కోనసీమ నుండి, కడప నుండి, కరీంనగరము నుండి గల్ఫు దేశములకు పోయినవారు తిరుగు ప్రయాణములో జపానువారి టూ-ఇన్-వన్‌లు, స్టీరియో డెక్కులు భుజాన వేసికొని వచ్చిరి. నేడు అటకల మీద ఉన్నవి చాలవరకు ఈ రెండు తెగలకు చెందినవే.

సేకరణకర్తలు వెదకునవి మాత్రము వేరు. వారి జాబితాలో మొదట నిలుచునవి కొన్నిటిని పేర్కొందుము. ఇంగ్లండులో స్విండను పట్టణమున 1954 నుండి తయారైన గారర్డు 301 రికార్డు త్రిప్పు యంత్రము, 1965లో దాని వెనుక వచ్చిన 401. 1957లో పీటరు వాకరు అమ్మకమునకు తెచ్చిన క్వాడ్ స్పీకరు. దీనిలో కాగితపు గిన్నె లేదు. పలుచని పొరను రెండు జల్లెడల నడుమ బిగించి, వేల వోల్టుల విద్యుత్తుతో ఆ పొరనే కదలించి ధ్వని పుట్టింతురు. అమెరికాలో ఎడ్గారు విల్చురు, హెన్రీ క్లాసు 1954లో స్థాపించిన ఎకూస్టిక్ రీసెర్చి సంస్థ స్పీకర్లు. అంతకు పూర్వము మంద్రధ్వని చక్కగా వినవలెనన్నచో బీరువా అంత పెట్టె కావలసి వచ్చెడిది. విల్చురు పెట్టెను గాలి చొరకుండ మూసి, లోపల చిక్కిన గాలినే స్ప్రింగుగా వాడుకొని, పుస్తకముల అలమరలో పట్టు పెట్టె నుండి మంద్రమును రాబట్టెను. మరాంట్జ్, మెకింటాష్ సంస్థల వాల్వు ఆంప్లిఫయర్లు. 1961లో వచ్చిన మెకింటాష్ ఎం.సి. 275కు నేటికిని గిరాకి ఉన్నందున ఆ సంస్థ దానిని మరల తయారుచేసి అమ్ముచున్నది.

1970 దశకములోని జపాను రిసీవర్లు మరొక తెగ. రిసీవరనగా ట్యూనరు, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉన్నది. వెండివన్నె ముఖఫలకము, నీలిదీపము వెలుగులో స్టేషను సూచి, చేతికి బరువు తగులు ట్యూనింగు చక్రము గలవి ఇవి. 1974లో అమెరికా ప్రభుత్వము శక్తిని గురించి ఇష్టము వచ్చిన అంకెలు వేయరాదని, ఒక పద్ధతి ప్రకారము కొలిచి చెప్పవలెనని నిబంధన తెచ్చెను. అంకెలలో మోసము పోయిన పిదప పోటీ నిజమైన శక్తి మీదికి మళ్ళెను. 1976లో పయనీరు సంస్థ ఒక్కొక్క వైపునకు 160 వాట్లు, 1978లో 270 వాట్లు ఇచ్చు యంత్రములు తెచ్చెను. రెండవదానిని ఒక్కరు ఎత్తుట కష్టము. ఆ బరువంతయు ట్రాన్స్ఫార్మరు ఇనుము, రాగి, వేడి చల్లార్చు అల్యూమినియము.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. 1990 ప్రాంతముల నుండి మన అంగళ్ళలో అమ్మిన ప్లాస్టికు పెట్టెల మీద “పి.ఎం.పి.ఓ.” అను నాలుగక్షరముల వెంట వేల వాట్ల అంకెలు వేసెడివారు. గోడలోని ప్లగ్గు నుండి ముప్పది నలుబది వాట్లు పుచ్చుకొను పెట్టె వేయి వాట్లు ఎట్లు ఈయగలదో ఎవరును అడుగలేదు. అటువంటి పెట్టె మీ అటక మీద ఉన్నచో పాత సామానుల వర్తకుడు చెప్పినదే న్యాయమైన ధర.

పాతవానిలో మాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది మాత్రము ఒక చిన్న పెట్టె. దాని పేరు ఎల్.ఎస్. 3/5 ఎ. ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19, లోతు 16. దీనిని కల్పించినది వ్యాపార సంస్థ కాదు, బి.బి.సి. పరిశోధన శాఖ. స్టూడియోల ధ్వనిగుణమును ఎనిమిదవ వంతు పరిమాణము గల నమూనా గదులలో పరీక్షించు ప్రయత్నములో వారికి చిన్న స్పీకరొకటి అవసరమయ్యెను. బయటి ప్రదేశముల నుండి ప్రసారము చేయునప్పుడు మోటారు బండిలోని ఇరుకు గదిలో వినుటకు అది పనికి వచ్చునని పిదప తోచెను. మొదటి నమూనా సిద్ధమైన తరువాత లోపలి స్పీకర్లు తయారుచేయు కె.ఇ.ఎఫ్. సంస్థ వానిలో మార్పులు చేయగా, బి.బి.సి. వారు డిజైనునంతటిని మరల చేసిరి. “ఎ” అను అక్షరము ఆ రెండవ ప్రయత్నమునకు గుర్తు. 1976లో వారు ప్రకటించిన నివేదికలో పెట్టె గోడల చెక్క మొదలు స్పీకరు చుట్టు అతికించు ఉన్నిపట్టీ వరకు వివరించిరి.

ప్రక్క గదిలో మాటలాడు మనిషి కంఠమును, స్పీకరులో వచ్చు అదే కంఠమును మార్చి మార్చి వినుచు సరిచూచుట వారి పద్ధతి. వాద్యము ఎట్లున్నను సర్దుకొనవచ్చును. మనిషి గొంతును మాత్రము మనము పుట్టినది మొదలు వినుచున్నాము. దానిలో ఏ కొంచెము తేడా వచ్చినను చెవి పట్టివేయును. వార్తలు చదువువాని గొంతు వార్తలు చదువువాని గొంతు వలెనే ఉండవలెనన్నది వారి పట్టుదల. ఏ రెండు పెట్టెలు తీసికొన్నను ఒకే తీరుగా పలుకవలెనన్నది రెండవ నియమము. అనుమతి పొందిన కొలది సంస్థలు దీనిని ఇరువది ఏండ్లకు పైగా తయారుచేసినవి. ఇది గట్టిగా మ్రోగదు. పెండ్లి పందిరికి పనికిరాదు. మంద్రము పరిమితము. అయినను చిన్న గదిలో రెండు పెట్టెలు గోడకు దూరముగా, చెవి ఎత్తున నిలిపి వినువారు దీనిని వదలరు. ఒక ప్రసార సంస్థ తన పని కొరకు చేసికొన్న పనిముట్టు ప్రపంచమంతట ఇండ్లలో అపురూప వస్తువైనదన్నచో మా వంటివారికి కొంత గర్వము కలుగుట సహజము.

పాత యంత్రముల ధ్వని నిజముగా మేలైనదా? ఈ విషయములో అభిమానులు చెప్పు మాటలన్నియు నమ్మదగినవి కావు. పరికరములతో కొలిచిన యెడల నేడు కొలది వేల రూపాయలకు దొరకు ఆంప్లిఫయరు 1960లోని గొప్ప వాల్వు ఆంప్లిఫయరు కంటె తక్కువ దోషము చూపవచ్చును. కాని దోషములన్నియు ఒక్క జాతివి కావు. వాల్వు శక్తికి మించిన భారము పడినప్పుడు క్రమక్రమముగా ఒదిగిపోవును. ట్రాన్సిస్టరు ఒక్కసారిగా తెగును. 1960 దశకములోని తొలి ట్రాన్సిస్టరు యంత్రములలో చిన్న ధ్వనుల దగ్గరనే ఒక కరకుదనము ఉండెడిది. కొన్ని వాల్వు యంత్రములు అసలు స్వరమునకు పై స్థాయిలోని అదే స్వరమును లేశముగా జోడించును. తంబురా మంద్రపు తీగను మీటినప్పుడు ఎవరును మీటని గాంధారము తనంతట వినవచ్చునని సంగీతజ్ఞులకు తెలియును గదా. స్వరము వెంట దాని బంధువులు వచ్చుట చెవికి అపరిచితము కాదు. అందువలన ఆ దోషమును “నిండుదనము” అని మెచ్చుకొందురు. మెచ్చుకొనుటలో తప్పు లేదు గాని దానిని సత్యమునకు దగ్గరయని చెప్పుట మాత్రము అతిశయోక్తి.

స్పీకర్ల విషయము, రికార్డు త్రిప్పు యంత్రముల విషయము అట్లు కాదు. అవి యంత్రశాస్త్రమునకు, చెక్కపనికి, లోహపు పనికి సంబంధించినవి. బరువైన చక్రము సమవేగముతో తిరుగుట, ఇరుసు సందు లేకుండ కూర్చుండుట అను విద్యలు 1950 నాటికే పరిణతి పొందినవి. ఆనాటి మేలైన పని నేటికిని మేలైనదే. 2018లో గారర్డు పేరును కొనుక్కొన్న సంస్థ పాత 301లను సేకరించి, పూర్తిగా విప్పి, బాగుచేసి క్రొత్తవాని వలె అమ్ముచున్నదనగా అది కేవలము గతముపై మోజు కాదు.

ఇక మూల్యమునకు అసలు ఆధారము చెప్పుదుము. మా ఉద్దేశములో ఈ యంత్రములకు విలువ తెచ్చినది పేరు గాదు, వయస్సు గాదు. అవి విప్పుటకు వీలుగా నిర్మింపబడుట. అడుగున నాలుగు మరలు తీసినచో లోపలి భాగమంతయు కంటి ఎదుట పరచుకొనును. ప్రతి కండెన్సరు, ప్రతి రెసిస్టరు వేరుగా నిలిచి, తన విలువ తన ఒంటి మీద వ్రాసికొని యుండును. పలు సెట్లలో సర్క్యూటు చిత్రమును మూత లోపలనే అతికించెడివారు. అనగా తయారుచేసినవాడు, దీనిని రేపు మరొకడు విప్పును, వానికి దారి తెలియవలెను అని తలచెను. నేటి సెట్టులో ఒక గోరంత చిప్పు పోయినచో బోర్డు మొత్తము మార్చవలెను. బోర్డు దొరకనిచో సెట్టును పారవేయవలెను. అరువది ఏండ్ల నాటి ఆంప్లిఫయరు మరల పలుకుచుండగా పదునైదేండ్ల నాటి పెట్టె మూగపోయి మూల పడి యుండుటకు కారణమిదియే.

అయితే విప్పుటకు వీలున్నంత మాత్రమున చాలదు. విప్పువాడు ఉండవలెను, లోపల వేయుటకు వస్తువు దొరకవలెను. వస్తువుల సంగతి కొంత నయమే. వాల్వులు నేటికిని రష్యాలో, స్లొవేకియాలో, చైనాలో తయారగుచున్నవి. ఒకప్పుడు మన బెంగుళూరులో భారత్ ఎలెక్ట్రానిక్స్ వారు చేసిన వాల్వులను విదేశీయులు సైతము వెదకి కొనుచున్నారు. పాత రేడియో దుకాణములలో విప్పని అట్టపెట్టెలలో అవి అక్కడక్కడ దొరకును. మరొక వైపు, ముల్లు అమర్చు కార్ట్రిడ్జిలకు పేరుపొందిన అమెరికా సంస్థ ష్యూర్ 2018లో ఆ తయారీని మానివేసెను. మెకానికుల సంగతి ఇంకను కష్టముగా ఉన్నది. ప్రతి పట్టణములో బస్టాండు వద్దనో సినిమాహాలు వద్దనో “రేడియో, టేపురికార్డరు బాగుచేయబడును” అను పలక ఉండెడిది. ఆ మెకానికులలో అనేకులు ఇప్పుడు వృద్ధులైరి. కొందరు సెల్‌ఫోనుల పనిలోనికి మారిరి. వారి కుమారులు ఆ పని నేర్చుకొనలేదు. చేయి తిరిగినవాడు అందుబాటులో ఉన్న ఊరిలో మంచి స్టీరియోకు ఒక విలువ, లేని ఊరిలో వేరొక విలువ. కొనువారు దీనిని గ్రహింపవలెను.

చెడునవి ఏవి? మొదటివి ఎలెక్ట్రొలైటిక్ కండెన్సర్లు. వీనిలో తడి రసాయనము ఉండును. కాలక్రమమున అది ఆరిపోవును; అప్పుడు స్పీకరులో ఎడతెగని గుయ్యిమను రొద పుట్టును. రెండవది స్పీకరు గిన్నె చుట్టు ఉండు మెత్తని అంచు. 1970 తరువాత పలువురు దీనికి స్పాంజి వాడిరి. వాడినను వాడకున్నను అది పదునైదు ఇరువది ఏండ్లలో పొడియై రాలును. గుడ్డ అంచు, రబ్బరు అంచు గలవి నిలుచును. స్పాంజి పోయినంత మాత్రమున స్పీకరు చచ్చినట్లు కాదు, అంచు మార్చవచ్చును. రబ్బరు బెల్టులు సాగును లేదా జిగురువలె కరగును. వాల్యూము త్రిప్పునప్పుడు గరగర వచ్చుట దుమ్ము వలననే తరచుగా జరుగును, అది పెద్ద వ్యాధి కాదు. మన సముద్రతీర జిల్లాలలో ఉప్పుగాలి, వర్షాకాలపు చెమ్మ, ఎలుకలు అదనపు శత్రువులు. ట్రాన్స్ఫార్మరు, లోహపు అడుగుపలక, మేలైన చెక్కపెట్టె, ఇరుసు, చక్రము సాధారణముగా మన తరువాత కూడ ఉండును. ట్రాన్స్ఫార్మరు కాలినదా లేదా అనునది అమ్మకములోగాని కొనుగోలులోగాని మొదట విచారింపవలసిన అంశము.

ఇప్పుడు ఒక గట్టి హెచ్చరిక. ఏండ్ల తరబడి పడియున్న యంత్రమును దింపి, దుమ్ము దులిపి, పలుకునో లేదో చూతమని వెంటనే ప్లగ్గులో పెట్టరాదు. ఎండిన కండెన్సరు పేలవచ్చును; లోపము తెలియులోపలనే ట్రాన్స్ఫార్మరు కాలిపోవచ్చును. పదివేలు పలుకవలసిన వస్తువు ఆ ఒక్క నిమిషములో తూకపు సామాను అగును. తెలిసిన మెకానికు దానిని మొదట సీరీస్ బల్బుతో పరీక్షించును. తంతి గల పాతకాలపు బల్బును విద్యుత్తు దారిలో వరుసగా నిలుపుట ఈ ఉపాయము. లోపల షార్టు ఉన్నచో బల్బు నిండుగా వెలిగి భారమును తాను మోయును, యంత్రము బ్రతుకును. క్రొత్త ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి పనికిరాదు. అందుచేత ఆ పాత బల్బులను సైతము మెకానికులు దాచుకొనుచున్నారు. వాల్వు యంత్రములలో మూడు నాలుగు వందల వోల్టుల విద్యుత్తు ప్లగ్గు తీసిన తరువాత కూడ కండెన్సర్లలో నిలిచి యుండవచ్చును. ఈ విద్య తెలియనివారు మూత తీయరాదు; పిల్లలను దగ్గరకు రానీయరాదు.

విదేశములలోని బంధువులు పంపిన యంత్రములతో మరొక చిక్కు కలదు. మన విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు. వోల్టేజీని ట్రాన్స్ఫార్మరుతో తగ్గించవచ్చును గాని ఆవృత్తులు మారవు. పాత రికార్డు ప్లేయర్లలో పలువాని మోటారు వేగము ఆవృత్తుల మీదనే ఆధారపడి యుండును. అమెరికాలో నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగునట్టిది ఇచ్చట 28కి లోబడి తిరుగును. ఆరింటికి ఐదు అనుపాతము. సంగీతములో షడ్జమునకును సాధారణ గాంధారమునకును గల యంతరమిదియే. అనగా గాయకురాలు షడ్జము పాడినచో ఆమె శ్రుతికి అంత క్రిందుగా, నిద్రమత్తులో పాడినట్లు వినవచ్చును. చాలవానిలో మోటారు మీది చిన్న కప్పీని మార్చినచో ఇది సరియగును. యంత్రమును నిందించి అమ్మివేయుటకు ముందు దీనిని విచారింపవలెను.

ముల్లు విషయములో మన ఇండ్లలో అశ్రద్ధ ఎక్కువ. పాత 78 చుట్ల లక్కరికార్డుల గాడి వెడల్పు, ఎల్.పి. గాడి సన్నము. 78 ముల్లుతో ఎల్.పి.ని వినుట దున్నపోతును పూలమడిలోనికి తోలుట వంటిది. వజ్రపు ముల్లు సహితము అరుగును; కొన్ని వందల గంటలు వాడిన పిదప మార్చవలెను. అరిగిన ముల్లు తాను చెడుటతో ఆగదు, రికార్డును కోయును. రికార్డు పోయినచో తిరిగి రాదు గనుక, ప్లేయరు ఎంత ఖరీదైనదైనను మొదటి ఖర్చు క్రొత్త ముల్లు మీదనే పెట్టవలెను. రికార్డు నుండి వచ్చు సంకేతము వోల్టులో వేయింట కొలది వంతులు మాత్రమే; పైగా గాడిలో మంద్రమును తగ్గించి తారమును హెచ్చించి చెక్కుదురు. దానిని సరిదిద్ది పెంచు ఏర్పాటు “ఫోనో” అను ద్వారమున ఉండును. నేటి పలు ఆంప్లిఫయర్లలో ఈ ద్వారము లేదు. పాత రిసీవర్లకు గిరాకి పెరుగుటకు ఇదియు ఒక కారణము.

1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చిన పిదప ప్రపంచమంతట ఈ యంత్రములను వీధిలో పెట్టిన మాట నిజము. ఇప్పుడు గాలి తిరిగినది. 2022లో అమెరికాలో అమ్ముడైన వినైల్ రికార్డుల సంఖ్య 1987 తరువాత మొదటిసారిగా కాంపాక్ట్ డిస్కుల సంఖ్యను మించెను. ఈ గాలి ఎంతకాలము వీచునో చూచి ధర కట్టుట వర్తకుల పని. గృహస్థు ఆలోచింపవలసినది వేరొకటి కలదు.

స్టీరియోతో పాటు అటక మీద అట్టపెట్టెలో టేపులు, కేసెట్లు ఉండును గదా. వానిలో సినిమా పాటలు ఎక్కడనైనను దొరకును. కాని రేడియో నుండి ఇంటివారు రికార్డు చేసికొన్న నాటకము, హరికథ, సంగీత కచ్చేరి ఉండవచ్చును. పూర్వము టేపు ఖరీదైనది. ప్రసారమైన కార్యక్రమమును చెరిపి దాని మీదనే మరొకటి రికార్డు చేయుట అనేక దేశములలో ప్రసార సంస్థలకు అలవాటు. బి.బి.సి. పోగొట్టుకొన్న కార్యక్రమములు కొన్ని శ్రోతలు ఇండ్లలో పట్టుకొన్న టేపుల వలన మరల దొరకినవి. మన శ్రోతల అటకల మీద ఏమేమి ఉన్నవో ఎవరును లెక్క వ్రాయలేదు. వానితో పాటు తాతగారి గొంతు, పురుడు పోసికొన్న ఇంట పాడిన జోలపాట ఉండవచ్చును. ఇవి వినుటకు టేపు డెక్కు కావలెను, అది నడచుస్థితిలో ఉండవలెను. యంత్రమును తూకమునకు ఇచ్చి కేసెట్లను ఉంచుకొనుట, తాళముచెవిని అమ్మి పెట్టెను దాచుకొనుట వంటిది. కనుక అమ్మదలచినవారు ముందుగా ఆ కేసెట్లను కంప్యూటరులోనికి ఎక్కించుకొని, ఆ పిదప అమ్మకము సంగతి చూచుకొనవలెను.

అమ్మువారికి మరికొన్ని మాటలు. జత స్పీకర్లను విడదీయరాదు. ఒక్కటిగా అమ్మిన రెండింటికి జతగా అమ్మిన వానిలో సగము ధర కూడ రాదు. పాత చెక్కకు క్రొత్త పాలిషు పట్టించరాదు, ముఖఫలకమును గరుకు పొడితో తోమరాదు. అక్షరములు పోయినచో విలువయు పోవును. మార్చిన భాగములను, తీసిన పాతవానిని సంచిలో వేసి వెంట ఉంచవలెను. కొన్ననాటి రసీదు, నడుపుట తెలుపు పుస్తకము, అట్టపెట్టె ఉన్నచో అవియు ధర పలుకును. కొనువారు రాత్రిపూట, బేరము తొందరలో కొనరాదు. తమకు తెలిసిన రికార్డు ఒకటి వెంట తీసికొని పోయి, ఎడమ పెట్టె, కుడి పెట్టె వేరువేరుగా అరగంట వినవలెను.

ఉంచుకొనువారు యంత్రమును నెలకొకమారైనను గంటసేపు నడపుట మంచిది. ఊరకుండుట వలన చెడినంతగా అది వాడుక వలన చెడదు. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చక పుస్తకముల వలె నిలువుగా నిలుపవలెను. కేసెట్లను ఏడాదికి ఒకమారు చివరి దాక త్రిప్పి మరల వెనుకకు చుట్టవలెను. ఒక్కొక్క కేసెట్టు పెట్టె మీద అది ఏ సంవత్సరములోనిది, లోపలిది ఎవరి కంఠము అను వివరము, ఆ గొంతులు గుర్తుపట్టు పెద్దలు ఇంట ఉండగానే, వారిని అడిగి సిరాతో వ్రాసి పెట్టవలెను.